“ఇండియా నుంచి ఎప్పుడొచ్చారు?”

శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీద ఈడెన్ పార్క్ స్టేడియం దాటి దక్షిణానికి వస్తే మనవాళ్ల దుకాణాలు మొదలవుతాయి. కరివేపాకు కట్టలు, సోనా మసూరి బస్తాలు, శ్రీలంక వాళ్ల కిరాణా, దమ్ బిరియానీ వాసన. ఆక్లండ్‌లో కొత్తగా దిగిన తెలుగువాళ్లకి ఎవరో ఒకరు తప్పకుండా చెప్పే వీధి ఇది. ఇక్కడి ఇళ్లకి డిసెంబరు, జనవరి ప్రయాణాల నెలలు. ఇక్కడ పిల్లలకి ఎండాకాలం సెలవులు, అక్కడ పెళ్లిళ్లు, సంక్రాంతి. ఫిబ్రవరి మొదలయ్యేసరికి సూట్‌కేసులు తిరిగొస్తాయి. సున్నుండలు, వడియాలు, కొత్త చీరలు, వాటి మధ్య ఒక మందుల సంచి. కొన్నిసార్లు వెంట అమ్మో, నాన్నో, అత్తగారో వీసా మీద కొన్నాళ్లుండడానికి వస్తారు.

ఆ సంతోషంలోనే కొన్ని ఇళ్లకి ఒక కష్టం వచ్చిపడుతోంది. వచ్చిన రెండు మూడు వారాలకి పెద్దాయనకి చలి పుట్టి ఒళ్లు వణుకుతుంది. మూత్రంలో మంట నాలుగు రోజులనుంచీ ఉంది, ఎవరికీ చెప్పలేదు. సంచిలోంచి ఒక మాత్ర వేసుకున్నారు. తగ్గినట్టే తగ్గి, రాత్రికి జ్వరం 39 డిగ్రీలు దాటుతుంది, మాట తడబడుతుంది. గ్రాఫ్టన్‌లో ఉన్న ఆక్లండ్ సిటీ హాస్పిటల్‌కి ఇక్కడినుంచి దూరం పెద్దగా లేదు. ఎమర్జెన్సీలో బీపీ చూసిన నర్సు వెంటనే డాక్టర్ని పిలుస్తుంది. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది. అది మామూలు మందులకి లొంగని రకమైతే, తర్వాతి రెండు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఈ కష్టం పాతదే. భారత ఉపఖండానికి వెళ్లొచ్చినవాళ్లలో మందులకి లొంగని మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు కనిపిస్తున్నాయని న్యూజీలాండ్ వైద్యులు 2008లోనే పత్రం రాశారు. ఆస్పత్రిలో పడుకోకుండానే, ఇంట్లో ఉండగానే, ఈ ఇన్‌ఫెక్షన్లు మొదలయ్యాయని అందులో ఉంది. ఆ బాక్టీరియాలో దొరికిన ఎంజైమ్ పేరు సీటీఎక్స్-ఎం-15, మన ఉపఖండంలో బాగా పాతుకుపోయిన రకం. 2012లో ఇక్కడి పెద్దాస్పత్రిలో ఇలాంటి క్రిములు రక్తంలోకి చేరిన రోగుల్ని విడిగా పరిశీలించి, ఎవరికి వస్తోంది, వచ్చాక ఏమవుతోంది అని ఇంకో పత్రం వచ్చింది. అంటే ఒక తరం పిల్లలు ఇక్కడ పుట్టి హైస్కూలు పూర్తి చేసేంత కాలంగా డాక్టర్లకి ఈ సంగతి తెలుసు. మన ఇళ్లల్లో మాత్రం ఇప్పటికీ దీనిమీద మాట లేదు. గుండెపోటు గురించి మాట్లాడుకుంటాం, షుగర్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం, దీని గురించి నోరు విప్పం.

ఈ-కోలై, క్లెబ్సియెల్లా అనే రెండు బాక్టీరియాలది ఇందులో ముఖ్యపాత్ర. రెండూ మన పేగుల్లో కాపురముండేవే, అక్కడున్నంత కాలం బాధ లేదు. మూత్రనాళంలోకి చేరి, కిడ్నీకి ఎక్కి, అక్కణ్ణుంచి రక్తంలో కలిస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి, ప్రొస్టేట్ పెరిగినవాళ్లకి, కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి, కాథెటర్ పెట్టినవాళ్లకి ఆ దారి సులువు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులన్నిటిలోనూ బీటా-లాక్టమ్ అనే చిన్న రసాయన వలయం ఉంటుంది, మందు పని చేసేది దానివల్లే. పైన చెప్పిన సీటీఎక్స్-ఎం-15 లాంటి ఈఎస్‌బీఎల్ ఎంజైమ్ తయారుచేసుకోగల బాక్టీరియా ఆ వలయాన్ని తెంచేస్తుంది. ఆ ఎంజైమ్‌ని ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటుంది. పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టు, తన దగ్గరున్నది తరక్కుండానే ఒక బాక్టీరియా దాన్ని ఇంకో బాక్టీరియాకి ఇచ్చేస్తుంది. జెంటామైసిన్‌కి, సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగకుండా చేసే జన్యువులు కూడా చాలాసార్లు అదే చుట్ట మీద ఉంటాయి. అందుకే ఒక మందు పనిచేయకపోతే దాని వెనక ఇంకో మూడు నాలుగు కూడా పోతాయి.

దీన్ని ఒంట్లోకి తెచ్చుకోవడానికి జబ్బు పడక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 2,001 మంది ప్రయాణికుల్ని వెళ్లేముందూ వచ్చాకా పరీక్షించిన పెద్ద అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. వెళ్లేముందు పేగుల్లో ఈఎస్‌బీఎల్ లేనివాళ్లలో 34.3 శాతం మంది తిరిగొచ్చేసరికి దాన్ని మోసుకొచ్చారు. దక్షిణాసియాకి వెళ్లినవాళ్లలో అయితే 75.1 శాతం. వీళ్లంతా ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషులు. సుమారు సగం మందిలో నెల తిరిగేసరికి అది పోయింది. 11.3 శాతం మందిలో ఏడాది తర్వాత కూడా ఉంది. ప్రయాణంలో విరేచనాలు పట్టుకుని యాంటీబయాటిక్ వాడినవాళ్లకి అంటుకునే అవకాశం ఇంకా పెరిగింది. ఇంట్లో మిగతావాళ్లకి పాకే అవకాశం కూడా ఉందని అదే అధ్యయనం లెక్కగట్టింది. మన ఇళ్లల్లో “బయట తిన్నాను, కడుపు కదిలింది” అనగానే చేతిలో పెట్టేది నార్‌ఫ్లాక్స్ టీజెడ్. దాని చీటీ ఎవరూ అడగరు. మంచి బాక్టీరియా చచ్చి పేగుల్లో చోటు ఖాళీ అవుతుంది, మొండిది వచ్చి కూచుంటుంది.

ఇప్పుడు ఎమర్జెన్సీ గదికి వద్దాం. ఈ కథనం రాయడానికి అసలు కారణం ఆ గదిలో జరిగే ఒక చిన్న సంభాషణ. గత 12 నెలల్లో వేరే దేశంలో ఆస్పత్రిలో ఉన్నారా, ఇండియా నుంచి ఎప్పుడొచ్చారు, ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా అని నర్సు అడుగుతుంది. కొడుకు మంచం పక్కన నిలబడి తెలుగులోకి మారుస్తాడు.

“నాన్నా, అక్కడ ఆస్పత్రిలో ఏమైనా చేరావా?”

“ఆస్పత్రి ఏం లేదురా. నీరసంగా ఉంటే మన ఆరెంపీ డాక్టరు రెండు సెలైన్లు పెట్టాడు, అంతే.”

కొడుకు నర్సు వైపు తిరిగి “నో” అంటాడు.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. తండ్రి దృష్టిలో ఇంటి వరండాలో మంచం మీద పడుకుని ఎక్కించుకున్న సెలైన్ ఆస్పత్రి లెక్కలోకి రాదు. కొడుకుకి తండ్రి చెప్పిన దాంట్లో చెప్పదగ్గ విషయమేదీ కనబడలేదు. కానీ ఆ సీసాలో ఏ ఇంజెక్షన్ కలిపారో, ఎన్ని రోజులు ఇచ్చారో, అదే ఈ రాత్రి ఏ మందు మొదలుపెట్టాలో చెబుతుంది. “లేదు” అని కాగితం మీద పడ్డాక డాక్టరు మామూలు దారిలోనే వెళ్తారు.

ఎందుకంటే ఆ గంటలో డాక్టరు దగ్గర వేరే ఆధారమేదీ ఉండదు. రక్తం తీసి సీసాల్లోకి ఎక్కిస్తారు. గాలి తగిలే సీసా ఒకటి, గాలి తగలనిది ఒకటి, ఒక్కోదానిలో ఎనిమిది పది మిల్లీలీటర్లు. వీలైతే ఇంకో చేతినుంచి ఇంకో జత. అవి ల్యాబ్‌లో శరీరపు వెచ్చదనమే ఉండే యంత్రంలోకి వెళ్తాయి. లోపల బాక్టీరియా పెరుగుతూ కార్బన్ డయాక్సైడ్ వదిలితే సీసా అడుగున ఉన్న సెన్సర్ రంగు మారుతుంది, యంత్రం మోగుతుంది. ఈ-కోలై అయితే చాలావరకు మొదటి రోజులోనే మోగిస్తుంది. టెక్నీషియన్ ఒక చుక్క తీసి గాజు పలక మీద రంగు వేసి చూస్తారు. గులాబీ రంగులో పొట్టి కడ్డీలు కనిపిస్తాయి. అర్ధరాత్రయినా సరే వార్డుకి ఫోన్ వెళ్తుంది. కానీ ఆ కడ్డీ ఏ మందుకి చస్తుందో గాజు పలక చెప్పలేదు. దాన్ని పెంచి, మందు బిళ్లల చుట్టూ ఎంత మేర చచ్చిందో చూడటానికి మామూలుగా ఇంకో రోజు పడుతుంది. ఈలోగా నరంలోకి ఎక్కుతున్న మందు డాక్టరు అనుభవంతో, రోగి చెప్పిన మాటతో ఎంచుకున్నది మాత్రమే. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో బీపీ పడిపోయిన మనిషికి సరైన మందు ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం తగ్గుతుంది. చీకట్లో నడిచే ఆ ఒకటి రెండు రోజులకి మనవాళ్లు ఇవ్వగలిగిన దీపం ఒకటే, పూర్తి ప్రయాణ చరిత్ర.

సరైన మందు ఏది అన్న ప్రశ్నకి జవాబు దొరకడంలో న్యూజీలాండ్ ఆస్పత్రులకీ భాగం ఉంది. ఈఎస్‌బీఎల్ క్రిములకి మెరోపెనెమ్ పనిచేస్తుందని ఎప్పటినుంచో తెలుసు. అది కార్బపెనెమ్ జాతి మందు, దాదాపు చివరి వరసలోది. ప్రతివాళ్లకీ దాన్నే వాడితే అదీ అరిగిపోతుందన్న భయంతో, ల్యాబ్ రిపోర్టులో “పనిచేస్తుంది” అని వచ్చినప్పుడు పిపరాసిలిన్-టాజోబాక్టమ్‌తో సరిపెట్టొచ్చేమోనని చాలామంది వైద్యులు ఆశపడ్డారు. ఆ ఆశని పరీక్షించడానికి 2014 నుంచి 2017 దాకా ఆస్ట్రేలియా, సింగపూర్, న్యూజీలాండ్‌తో కలిపి తొమ్మిది దేశాల్లో మెరినో అనే ప్రయోగం జరిగింది. రక్తంలో ఇలాంటి ఈ-కోలై, క్లెబ్సియెల్లా ఉన్న రోగుల్ని రెండు జట్లుగా విడదీశారు. 30 రోజుల్లో మెరోపెనెమ్ తీసుకున్న 191 మందిలో ఏడుగురు చనిపోయారు. రెండో మందు తీసుకున్న 187 మందిలో 23 మంది చనిపోయారు. 3.7 శాతానికి 12.3 శాతం. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు, 2018లో ఫలితాలు ప్రచురించారు. ల్యాబ్ కాగితం మీద పనిచేసే మందు మనిషి రక్తంలో అంతగా పనిచేయలేదు. ఆ 378 మందీ తమకి ఏ మందు పడుతుందో తెలియకుండానే ఒప్పుకున్నవాళ్లు, లేదా వాళ్ల తరఫున ఇంటివాళ్లు ఒప్పుకున్నవాళ్లు. ఇవాళ మనలో ఎవరికి మెరోపెనెమ్ ఎక్కుతున్నా వాళ్లకి రుణపడి ఉన్నట్టే.

ఈ దేశంలో మెరోపెనెమ్ మీద కాపలా ఉంది. ఏ మందుని ఎవరికి ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలో నిర్ణయించే ఫార్మాక్ సంస్థ జాబితాలో అది ఆంక్షలున్న మందు. ఇన్‌ఫెక్షన్ల నిపుణుడో, క్లినికల్ మైక్రోబయాలజిస్టో సరేననాలి. మన ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో జ్వరమొచ్చిన మొదటి రోజే “పవర్ ఉన్న మందు” ఎక్కించడం చూసినవాళ్లకి ఇది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. “ఇండియాలో అయితే ఈపాటికి పెద్ద ఇంజెక్షన్ ఇచ్చేసేవాళ్లు” అన్న మాట ఇక్కడి తెలుగు ఇళ్లల్లో తరచూ వినబడుతుంది. ఆ కాపలాని నేను పూర్తిగా సమర్థిస్తాను. కాపలా లేనిచోట ఏమైందో తర్వాతి మెట్టు చెబుతుంది.

ఆ మెట్టు పేరు ఎన్‌డీఎం, అంటే న్యూఢిల్లీ మెటల్లో-బీటా-లాక్టమేజ్. 2008లో స్వీడన్‌లో ఒక రోగి మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లాలో దీన్ని మొదట గుర్తించారు. ఆయన అంతకుముందు న్యూఢిల్లీలో ఆస్పత్రిలో ఉన్నారు. ఇది కార్బపెనెమ్ మందుల్ని కూడా తెంచేసే ఎంజైమ్. 2011లో ఢిల్లీలో కుళాయి నీళ్లు 50 చోట్ల పట్టి చూస్తే రెండు చోట్ల, వీధుల్లో నిలిచిన నీళ్లు 171 చోట్ల చూస్తే 51 చోట్ల ఆ జన్యువు దొరికింది. ఊరి పేరు ఎంజైమ్‌కి పెట్టారని అప్పట్లో మన దేశంలో పెద్ద గొడవ జరిగింది. ఆ బాధలో న్యాయముంది, కానీ నీళ్ల సంగతి ఆ గొడవలో మునిగిపోయింది. న్యూజీలాండ్ ఆస్పత్రుల్లో దొరికిన తొలి ఎన్‌డీఎం కేసుల వివరాలు 2012లో అచ్చయ్యాయి, వాటి దారి కూడా భారతదేశం వైపే చూపించింది.

ఎన్‌డీఎం ఉన్న క్రిమి రక్తంలోకి చేరితే మిగిలే మందులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొలిస్టిన్ ఉంది, 1950ల నాటిది, కిడ్నీలని దెబ్బతీస్తుందని ఒకప్పుడు దాదాపు పక్కన పెట్టేసిన మందు. అజ్ట్రియోనామ్ అనే మందుని ఎన్‌డీఎం తెంచలేదు, కానీ అదే క్రిమిలో ఉండే వేరే ఎంజైమ్‌లు తెంచేస్తాయి. ఆ వేరేవాటిని అడ్డుకునే అవిబాక్టమ్‌ని జోడిస్తే పని జరుగుతుంది. ఇదివరకు సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్, అజ్ట్రియోనామ్ రెండు మందుల్నీ ఒకేసారి ఎక్కించేవాళ్లు, 2024లో యూరప్‌లో అజ్ట్రియోనామ్-అవిబాక్టమ్ ఒకే మందుగా అనుమతి పొందింది. సెఫిడెరొకాల్ ఇంకొకటి. బాక్టీరియా ఇనుమును లాక్కునే దారిలోనే లోపలికి దూరిపోయే మందు అది. ఇవన్నీ ఖరీదైనవి, అన్ని దేశాల్లో అందుబాటులో లేనివి. ఏ మందుకీ లొంగని క్రిమి న్యూజీలాండ్ కూడా చూసింది. వియత్నాంలో మెదడు ఆపరేషన్ జరిగి 2013లో వెల్లింగ్టన్ ఆస్పత్రికి వచ్చిన ఒక ఉపాధ్యాయుడి ఒంట్లో ఉన్న క్లెబ్సియెల్లా మీద పరీక్షించిన యాంటీబయాటిక్ ఒక్కటీ పనిచేయలేదు. ఆయన చివరి నెలలు విడి గదిలో గడిచాయి.

తెలుగువాళ్లం ఈ కథలో ఇంకో వైపు కూడా ఉన్నాం. ప్రపంచానికి యాంటీబయాటిక్స్ తయారుచేసే ఊళ్లలో ముందు వరసలో ఉన్నది మన హైదరాబాద్. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల ఆ పనికి పేరు పడ్డ పారిశ్రామికవాడలు. సుమారు 90 బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్లని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోతున్న సిప్రోఫ్లాక్సాసిన్ 44 కిలోలని అంచనా కట్టారు, 44,000 మందికి చికిత్స చేసేంత. ఆ నీళ్లు ఇసకవాగులోకి, అక్కణ్ణుంచి నక్కవాగులోకి, మంజీరలోకి, చివరికి గోదావరిలోకి. అదే బృందం 2009లో చుట్టుపక్కల చెరువులూ, పల్లెల బావులూ చూస్తే వాటిలోనూ మందుల అవశేషాలు దొరికాయి.

పటాన్‌చెరు రైతులకి ఇదంతా స్వీడన్ నుంచి ఎవరో వచ్చి చెప్పాల్సిన సంగతి కాదు. వాగు రంగు మారిందని, పశువులు చస్తున్నాయని, వరి ఎండిపోతోందని వాళ్లు 1980ల నుంచీ మొత్తుకుంటున్నారు. అక్కడే వైద్యం చేస్తూ డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఏళ్ల తరబడి వాళ్ల తరఫున పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది, అది దశాబ్దాలు నడిచింది. తర్వాత మురుగుని పైప్‌లైన్ వేసి అంబర్‌పేట వైపు మూసీకి మళ్లించారు. ఫ్యాక్టరీ మురుగులో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో పరిమితులు పెడతామని కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ఆ ముసాయిదాని అలా వదిలేయడం అన్యాయం. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల మురుగుపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని పాటించి తీరాలని బలవంతపెట్టే అధికారం ఆ సంస్థకి లేదు.

వాగులో ఉన్న మందు, చీటీ లేకుండా అమ్ముడైన మందు, ఆరెంపీ సెలైన్‌లో కలిపిన మందు, కోళ్ల దాణాలో వేసిన మందు, ఇవన్నీ కలిసే బాక్టీరియాకి ఈ చదువు చెప్పాయి. కొన్ని తలుపులు మూసుకుంటున్నాయి. సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌ల వంటివి చీటీ ఉంటేనే అమ్మాలి, కొన్నవాళ్ల వివరాలు రిజిస్టర్లో రాయాలి అన్న హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. పశువుల, కోళ్ల పెంపకంలో కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. నిబంధన ఉండటం వేరు, సందు చివర మెడికల్ షాపులో అది నిలబడటం వేరు. సెలవులకి వెళ్లినప్పుడు మనమే ఆ షాపు ముందు నిలబడి “రెండు స్ట్రిప్పులు ఎక్కువివ్వండి, అక్కడ దొరకవు” అంటాం. అక్కడ దొరకకపోవడానికి కారణం ఉంది. సొంత వాడకానికి, చీటీతో, మూడు నెలలకి సరిపడా మందులు తెచ్చుకోవడానికి న్యూజీలాండ్ ఒప్పుకుంటుంది. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలకి అది చాలు. యాంటీబయాటిక్ దాచుకోవడానికి సూట్‌కేసులో చోటు ఇవ్వకండి. సగం కోర్సు మాత్రలు మింగి ఎమర్జెన్సీకి వెళ్తే ఇంకో నష్టం కూడా ఉంది. సీసాలో బాక్టీరియా సరిగా పెరగదు, రక్తపరీక్ష ఏమీ చెప్పకుండా పోవచ్చు.

ఇదంతా చదివి, మొండి క్రిములన్నీ ఇండియా నుంచే ఎగుమతి అవుతున్నాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పెన్సిలిన్‌కి లొంగని స్టాఫిలోకాకస్ 1955 నుంచి 1963 దాకా ఈ దేశపు ఆస్పత్రుల్ని గడగడలాడించింది. “హెచ్-బగ్” అని పత్రికలు పేరు పెట్టాయి, ప్రసూతి వార్డుల్లో పుట్టిన పసికందులకి అంటుకుంది. చర్మం మీద పుండ్లకి ఫ్యూసిడిక్ ఆసిడ్ ఆయింట్‌మెంట్ విచ్చలవిడిగా రాయడంతో, దానికి లొంగని ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టాఫిలోకాకస్, రకం ఒకటి ఆక్లండ్‌లోనే బలపడింది. దాని పేరులోనే ఆక్లండ్ ఉంది, ఏకే3. స్టాఫ్ ఇన్‌ఫెక్షన్ల భారం ఇక్కడ ఎక్కువగా మోస్తున్నది మావోరీ, పసిఫిక్ దీవుల కుటుంబాలు. ఇరుకు ఇళ్లు, చలి ఇళ్లు, ఆలస్యంగా అందే వైద్యం వాళ్ల కష్టానికి కారణాలు. ఎవరి ఒంట్లోంచి వచ్చిందో చూసి మనిషిని దూరం పెట్టడం ఈ రెండు కథల్లో దేనికీ మందు కాదు.

దూరం పెట్టడం అనగానే విడి గది గుర్తొస్తుంది. ఇతర దేశాల ఆస్పత్రుల్లో ఉండొచ్చిన రోగుల్ని, కార్బపెనెమ్‌కి లొంగని క్రిమి ఉందేమో తేలేదాకా విడిగా ఉంచి పరీక్షించాలని న్యూజీలాండ్ ఆరోగ్య శాఖ 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. మలద్వారం దగ్గర దూదిపుల్లతో నమూనా తీస్తారు. తలుపు మీద కాగితం అంటిస్తారు. లోపలికొచ్చే ప్రతివాళ్లూ చేతి తొడుగులు, గౌను వేసుకుంటారు. డెబ్బై ఏళ్ల తల్లికి అది అంటరానితనంలా తగులుతుంది. ఆ నమూనా ఎందుకో తెలుగులో ఎవరూ చెప్పరు, కొడుకుకి చెప్పడానికి సిగ్గు. ఆమె ఏడుస్తుంది, ఇంటికి తీసుకెళ్లిపొమ్మంటుంది. చుట్టాలకి ఫోన్‌లో “జ్వరం, అంతే” అని చెబుతారు. ఆ దాపరికం ఇంకో ఇంటికి చేరాల్సిన సమాచారాన్ని ఆపేస్తుంది. ఆ గది శిక్ష కాదని, పక్క మంచంలో కీమో తీసుకుంటున్న మనిషి కోసమని ఎవరైనా నెమ్మదిగా ఆమె భాషలో చెబితే ఆమె ఒప్పుకుంటుంది. మన పెద్దవాళ్లకి పక్కవాళ్ల బాగు గురించి ఒకరు నేర్పక్కర్లేదు.

ఆమె భాషలో చెప్పే మనిషిని అడిగే హక్కు మనకుంది. నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో రోగులకి చెప్పకుండా సాగిన అధ్యయనంపై జరిగిన కార్ట్‌రైట్ విచారణ తర్వాత, 1996లో ఇక్కడ రోగుల హక్కుల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో ఐదో హక్కు, రోగికి అర్థమయ్యేలా మాట్లాడటం. అవసరమైనచోట, వీలైనంతవరకు, సమర్థుడైన దుబాసీని ఏర్పాటు చేయాలని అందులో రాసి ఉంది. ఎమర్జెన్సీలో “తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి” అంటే ఎవరూ తప్పుపట్టరు. కొడుకు మంచివాడే, ఇంగ్లీషు బాగా వచ్చినవాడే. కానీ తండ్రి మూత్రం గురించి, ఆయన వాడిన మందుల గురించి కొడుకు అడగలేడు, తండ్రి చెప్పలేడు. ఆరెంపీ సెలైన్ అనే మాట విని ఆగి, “అందులో ఏం కలిపారు?” అని మళ్లీ అడిగేవాళ్లు కావాలి.

డబ్బు మాట కూడా చెప్పాలి. పౌరులకి, రెసిడెంట్లకి, రెండేళ్లకి తక్కువ కాని వర్క్ వీసా ఉన్నవాళ్లకి ఇక్కడి ప్రభుత్వాస్పత్రి వైద్యం ఉచితం. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి కాదు. ప్రాణాపాయంలో వైద్యం ఆపరు, బిల్లు మాత్రం తర్వాత వస్తుంది. రోజూ మూడుసార్లు నరంలోకి ఎక్కించే మందు, విడి గది, ఒక్కోసారి ఐసీయూ. ఇన్సూరెన్స్ తీసుకున్నప్పుడు పాత షుగర్, ప్రొస్టేట్ సంగతులు రాయకపోతే కంపెనీ చేతులెత్తేస్తుంది. ఈ బిల్లు కోసం అప్పు చేసిన ఇళ్లు తమ సంగతి బయట పెట్టుకోవు.

ఈ విషయంలో ఒక ఊరట ఉంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కి 14 రోజులు మందు ఎక్కించడం ఏళ్లనాటి అలవాటు. న్యూజీలాండ్‌తో సహా ఏడు దేశాల్లో 3,608 మంది రోగులతో జరిగిన బ్యాలెన్స్ ప్రయోగం ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. ఏడు రోజులిచ్చినవాళ్లలో 90 రోజుల్లో 14.5 శాతం, 14 రోజులిచ్చినవాళ్లలో 16.1 శాతం మంది చనిపోయారు. అంటే చాలామందికి ఏడు రోజులు సరిపోతాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్‌కి ఇది వర్తించదు, దాన్ని ఆ ప్రయోగంలో చేర్చలేదు. వారం తగ్గితే బిల్లు తగ్గుతుంది, పేగుల్లో మిగిలిన మంచి బాక్టీరియాకీ ప్రాణం నిలుస్తుంది. కాస్త కోలుకున్నవాళ్లకి చేతిలో సన్నని గొట్టం ఉంచి, రోజుకొక్కసారి ఎక్కించే ఎర్టాపెనెమ్‌తో ఇంటికి పంపే వీలు కూడా ఉంటుంది. సొంత మంచం మీద, మనవడి పక్కన.

ఇంకో సంగతి మగవాళ్లకి. ప్రొస్టేట్ బయాప్సీ సూదిని మలద్వారం గుండా పంపినప్పుడు పేగుల్లోని ఈ-కోలై రక్తంలోకి చేరి సెప్సిస్ వచ్చిన కేసుల గురించి న్యూజీలాండ్ వైద్యులు 2012లో రాశారు. ముందుజాగ్రత్తగా ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌కి ఆ రకం లొంగదు. ఇండియా నుంచి వచ్చి కొద్ది నెలలే అయితే ఆ మాట యూరాలజిస్టుకి ముందే చెప్పండి. చర్మం గుండా సూది పంపే పద్ధతి ఉందేమో అడగండి.

ఈ ఏడాది వెళ్లేవాళ్లు అక్కడ ఎవరైనా ఆస్పత్రిలో పడితే డిశ్చార్జ్ రోజున బిల్లుతో పాటు రెండు కాగితాలు అడిగి తీసుకోండి: డిశ్చార్జ్ సమ్మరీ, కల్చర్ రిపోర్ట్. కల్చర్ చేయలేదంటే ఎక్కించిన ఇంజెక్షన్ల పేర్లు చీటీ మీద రాయించుకోండి. ఆరెంపీ డాక్టర్ని కూడా అడగండి, మర్యాదగా అడిగితే చెబుతారు. వాటిని ఫోన్‌తో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి. కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్, ఐ, ఆర్ అనే అక్షరాలు వరసగా ఉంటాయి. నిజామాబాద్‌లో అచ్చయినా, నెల్లూరులో అచ్చయినా, గ్రాఫ్టన్‌లో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఆ వరసని అర నిమిషంలో చదివి మందు మార్చగలరు.